నల్లా లేని బస్టాండులో ముగ్గురు

ఈ ముగ్గురూ మనుషులు కారు, రకాలు. మొదటివారు ఫ్లెక్సీ సారు. ఏటా జూన్ 5న ‘ప్లాస్టిక్‌ను తరిమికొడదాం’ అని ప్లాస్టిక్ బ్యానర్ మీదే అచ్చు వేయిస్తారు. రెండోవాడు ఎల్టీసీ కాకా. బొగ్గుబాయిలో ఏళ్లుగా పనిచేస్తూ, ఈసారి వచ్చిన ఎల్టీసీ ప్రయాణ పైసలతో ఇంటిల్లిపాదినీ కాశీకి తోలుకుపోతున్నాడు. మూడోవాడు కూల్‌డ్రింకు సేటు, ఎవరు గెలిచినా నష్టపోనివాడు. ప్రయాణంలో వాడి పారేసే ప్లాస్టిక్ గురించి మన దగ్గర జరిగే వాదమంతా ఈ మూడు నోళ్లలోనే ఇమిడిపోతుంది కాబట్టి, వాళ్లను సింగరేణి గనులున్న శ్రీరాంపూర్ బస్టాండులో ఒకే బెంచీ మీద కూర్చోబెట్టాను.

ఫ్లెక్సీ సారు: కాకా, కాశీ వెళ్లేటప్పుడు బాధ్యతగా మెలగాలి. 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం ఉంది. ప్లాస్టిక్ గ్లాసులు, పళ్లేలు, చెంచాలు, స్ట్రాలు, మిఠాయి డబ్బాల మీద చుట్టే పల్చటి పొర... అన్నీ బంద్. చేతిసంచి 120 మైక్రాన్లకు తగ్గకూడదు. మారాల్సింది మీలాంటి ప్రయాణికుల మనస్తత్వమే!

కాకా: మంచిదే సారూ. ఆ లిస్టుల నీళ్ల బాటిల్ ఉన్నదా?

సారు: బాటిల్... అది ఉత్పత్తిదారు బాధ్యత కిందికి వస్తుంది. లిస్టులో లేదు.

కాకా: చిప్స్ ప్యాకెట్?

సారు: అదీ అంతే.

కాకా: మరి మీ బ్యానరు?

సారు: (గొంతు సవరించుకుని) 100 మైక్రాన్ల లోపుదైతే ఉంది.

కాకా అమాయకంగా అడిగినట్టే ఉన్నాడు గానీ వేలు పెట్టింది సరిగ్గా పుండు మీదే. స్ట్రా లేకుండా ఎవరైనా కాశీ చేరగలరు, నీళ్లు లేకుండా చేరలేరు. ప్రయాణికుడి చేతిలోకి అందరికంటే ఎక్కువసార్లు వచ్చే రెండు వస్తువులను, అంటే నీళ్ల బాటిల్‌నూ తినుబండారాల ప్యాకెట్‌నూ, చట్టం కంపెనీల లెక్కల పుస్తకాలకు అప్పజెప్పింది. ఐస్‌క్రీమ్ పుల్లనూ చెవిపుల్లనూ మాత్రం వీధిలో పట్టుకుంది. ఆ నిషేధం పనికిరానిదని కాదు. కానీ దాన్ని చేతపట్టుకుని ప్రయాణికుడి మనస్తత్వం మీద ప్రసంగించడం, జ్వరం వచ్చిన ఊళ్లో గోళ్ల శుభ్రత గురించి మాట్లాడటం లాంటిది.

కాకా: నా మనసు సంగతి చెప్త ఇను సారూ. ఫస్ట్ షిఫ్టుకు పొద్దుగాల్నే లేస్త. సద్ది గిన్నె, నీళ్ల బాటిల్ పట్టుకొని బాయి దిగుత. దిగేముందు బాటిల్ నింపుకుంట, మళ్ల పైకొచ్చి కడుక్కుంట. ఆ బాటిల్‌కు మూత లూజై గుడ్డపేలిక చుట్టిన గని పారెయ్యలే. గదే నేను రైలెక్కితే స్టేషన్‌కో బాటిల్ కొంట, తాగి కిటికీల నుంచి ఇసిరేస్త. తప్పే, కాదన. గని బాయిల బుద్ధి ఉన్నోనికి రైల్ల బుద్ధెట్ల పోయిందంటవ్?

సేటు: పైసలొచ్చినయి, బుద్ధి పోయింది.

సేటు మాటకు నవ్వొస్తుంది గానీ, జవాబు 1952 నాటి గనుల చట్టంలో ఉంది. గనిలో పనిచేసే వాళ్లందరికీ సరిపడా చల్లని మంచినీళ్లు, అందుబాటులో ఉండే చోట్ల, ఏర్పాటు చెయ్యాలని అందులో 19వ సెక్షన్ చెప్పింది. అక్కడి కార్మికుల్లో ఎక్కువమందికి తెలిసిన భాషలో ‘తాగునీరు’ అని రాసి ఉండాలంది. కడుక్కునే చోటికి, మరుగుదొడ్డికి 6 మీటర్ల లోపు ఆ నీళ్లు ఉండకూడదంది. బాధ్యత నెత్తిన పడింది యాజమాన్యానికి, కార్మికుడి మనస్తత్వానికి కాదు. నింపుకునే చోటు ఖాయంగా ఉంది కాబట్టే గుడ్డపేలిక చుట్టిన బాటిల్ అన్నేళ్లు నడిచింది. ఇక చాలా బస్టాండుల్లో నల్లా ఎక్కడుంటుందో చూడండి: మరుగుదొడ్డి గోడకు ఆనుకునే. ఆ 6 మీటర్ల ఇంగితం భూగర్భంలో పనిచేసే మనిషికి 1952లోనే దక్కింది, భూమ్మీద ప్రయాణించే మనిషికి ఇంకా దక్కలేదు. అదే మనిషి, అదే అలవాటు. మారింది చోటు.

సేటు: సారూ, నా మీద పడకుండ్రి. ఖాళీ బాటిల్‌ను ఏరుకునేటోళ్లు కిలోల లెక్క అమ్ముకుంటరు. నేను పర్యావరణమే చేస్తున్న.

ఈ అభ్యంతరంలో సగం నిజం ఉంది. ఆ సగాన్ని ఒప్పుకోవాలి. బాటిల్ ప్లాస్టిక్‌కు పాత సామాన్ల కొట్లో ధర పలుకుతుంది, అందుకే రోడ్డు మీద అది ఎక్కువసేపు ఉండదు. చిప్స్ ప్యాకెట్‌లో ప్లాస్టిక్ పొరకు లోహపు పూత అంటుకుని ఉంటుంది, విడదీయడం కష్టం, కాబట్టి ఎవరూ ఏరరు. ఏరనిది మోరీలో పడుతుంది, లేదా రాత్రిపూట చెత్తకుప్పలో కాలుతుంది. రైలు పట్టాల పొడవునా పడ్డ బాటిల్‌ను ఏరడానికీ ఎవరూ పోరు. సేటు పర్యావరణం బస్టాండు ప్రహరీ దాకానే.

సారు: కనీసం చాయ్‌కి కాగితం కప్పు వాడుతున్నాం కదా! అది ప్రగతే.

కాగితం కప్పు లోపల వేలితో తడిమితే నున్నగా తగిలేది కాగితం కాదు, ప్లాస్టిక్ పూత. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో లెక్కగట్టారు: అలాంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లు పావుగంట ఉంటే సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు అందులో కలుస్తాయి. పెళ్లిళ్లలో మోదుగాకు విస్తరి పోయి, అరిటాకు బొమ్మ అచ్చేసిన పూత కాగితం వచ్చిందీ ఇదే దారిలో. ఆకు రంగు వేస్తే ఆకైపోతుందని మన నమ్మకం.

సేటు: అసలు సంగతి మాట్లాడుండ్రి. సింగరేణి ఏడాదికి దగ్గరదగ్గర 7 కోట్ల టన్నుల బొగ్గు తీస్తది. పక్కన జైపూర్‌ల 1,200 మెగావాట్ల కరెంటు ప్లాంటు. గింత పొగ నడుమ నా బాటిలే కనవడ్డదా?

ఈ ముగ్గురిలో గట్టి వాదన ఇదే. బొగ్గు లెక్క పెద్దది, నిజం. అది తేలేది ఢిల్లీలో, హైదరాబాద్‌లో, కాకాకు తెలియకుండా. మోరీలో ఇరుక్కున్న కవరు మాత్రం ఈ బస్టాండు ముందే నీళ్లు నిలబెడుతుంది, కాలిన కుప్ప పొగ ఈ కాలనీ ముక్కులకే చేరుతుంది. ఒక లెక్క పెద్దదని రెండోదాన్ని కొట్టేస్తే రెండూ మిగులుతాయి, లాభం సేటుకు.

సారు: బాటిళ్లు ఆపడం ఎక్కడా సాధ్యం కాలేదండీ, జనం వినరు.

సాధ్యమైన చోట్లు ఉన్నాయి. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లను ఆపేశారు. ఊరికే ఆపలేదు, జలప్రసాదం కేంద్రాలు పెట్టారు. కొట్లలో గాజు సీసాకు డిపాజిట్ తీసుకుని, సీసా తిరిగిస్తే ఆ సొమ్ము వెనక్కి ఇస్తున్నారు. అది దేవుడి మీద భయం అంటారా? అయితే మేడారం జాతరలో అమ్మవార్ల ‘బంగారం’ బెల్లం కవర్లలో ఎందుకు వెళ్తోంది, భక్తి తక్కువై కాదు గదా. సిక్కిం ప్రభుత్వం 2022 జనవరి నుంచి సీసా నీళ్లను రాష్ట్రమంతా ఆపింది. రైల్వే కూడా 2015 ప్రాంతంలో స్టేషన్లలో నీళ్ల యంత్రాలు పెట్టి, సొంత బాటిల్‌లో లీటరు 5 రూపాయలకే నింపింది. జనం వరుసకట్టి నింపుకున్నారు. తర్వాత చాలాచోట్ల మూతపడింది యంత్రాలే, జనం కాదు. కాబట్టి నల్లా పెట్టడంతో పని అయిపోదు. దాని ఫిల్టరు మార్చేదెవరు, బిల్లు కట్టేదెవరు అన్నది నల్లా కంటే ముందు తేలాలి.

కాకా: ఇంటున్నవా సేటూ? గిలాసల చాయ్ పొయ్యరాదు?

సేటు: పోస్త కాకా, నాకేం బరువు. గిలాసలు కడగనీకి నీళ్లేవి? ట్యాంకరు నీళ్లు కొని కడిగితె కప్పే సస్త.

కాకా: సారూ, ఈడ ఒక్క నల్లా పెట్టియ్యరాదు?

సారు: చూడండి కాకా, బస్టాండు ఆర్టీసీ పరిధి. పైపు లైను వేరే శాఖ పరిధి. చెత్త ఒక్కటే పురపాలక పరిధి. నాది అవగాహన.

కాకా: మరి నా దూప ఎవల పరిధి సారూ?

సేటు: (బాటిల్ ముందుకు జరిపి) నాది కాకా. ఇరవై రూపాలు.