కిటికీ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: ఉష్ణార్ద్రదేశ సౌధంబునందు కార్పెట్టు వైశాల్యమున షష్ఠాంశంబునకుం దక్కువగాక వివృతంబు గావలయు.

అవతారిక: 2018లో కేంద్ర విద్యుత్ శాఖ వెలువరించిన ‘ఎకో నివాస్ సంహిత’లోని గాలి నియమానికి ఇది సూత్రరూపం. 500 చదరపు మీటర్లు, ఆపై స్థలంలో కట్టే నివాస భవనాలను ఉద్దేశించినది. పేరులోనే సంహిత ఉంది గనుక టీక తప్పదు.

ప్రతిపదార్థం: ఉష్ణార్ద్రదేశ = వేడికి తేమ తోడైన సీమలోని, అనగా ఉక్కపోత సీమలోని. చోడవరం ఇందులోదే. 2022లో విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి మారింది గాని, దాని ఉక్క మారలేదు. సౌధంబునందు = అపార్టుమెంటు ఫ్లాటులో; కార్పెట్టు వైశాల్యమున = బయటి గోడలు, బాల్కనీ పోగా మిగిలిన నేలలో (అమ్మేటప్పుడు చెప్పే సూపర్ బిల్టప్ ఇక్కడ చెల్లదు); షష్ఠాంశంబునకుం దక్కువగాక = ఆరో వంతుకు, అంటే 16.66 శాతానికి తగ్గకుండా; వివృతంబు = తెరుచుకునే చోటు; కావలయు = ఉండాలి.

తాత్పర్యం: పొడి వేడి సీమకు పదో వంతు, చలి సీమకు పన్నెండో వంతు చాలునన్న సంహిత ఇక్కడ ఆరో వంతు అడగడానికి కారణం చెమట. తేమగాలిలో అది త్వరగా ఆరదు. ఒంటి మీదుగా గాలి కదిలితేనే ఆరుతుంది.

ఉదాహరణ: 900 చదరపు అడుగుల ఫ్లాటుకు 150 అడుగుల తెరుపు కావాలి. అయిదడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు గల స్లైడింగ్ కిటికీ చూపుకు 20 అడుగులు. ఒక రెక్క జరిపితే రెండో రెక్క వెనక్కి చేరుతుంది గనుక లెక్కకు 10 అడుగులే. అదే కొలతలో రెక్కల కిటికీ అయితే 90 శాతం, అంటే 18 అడుగులు. మొదటివి పదిహేను పెట్టాల్సిన ఇంటికి రెండోవి తొమ్మిది సరిపోతాయి. బిగించిన అద్దం ఎంత పెద్దదైనా సున్నా.

శంక: వీధి తలుపు లెక్కకు రాదా?
సమాధానం: బాల్కనీలోకి తెరుచుకునే తలుపు వస్తుంది, కారిడారులోకి తెరుచుకునేది రాదు. దానిలోంచి వచ్చేది పక్కింటి పోపు ఘాటే గాని బయటి గాలి కాదు.

పాఠాంతరం: 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి కూడా ఉక్క సీమకు ఆరో వంతే అంటుంది. అయితే తలుపులను తీసేసి, కిటికీ చట్రాలను కలుపుకుంటుంది.

విశేషం: సూత్రం వైశాల్యమే చెప్పింది, దిక్కు చెప్పలేదు. 150 అడుగులూ ఒకే గోడకు ఉంటే గాలికి వచ్చే దారే గాని పోయే దారి ఉండదు. ఎదుటి గోడకు మరో కిటికీ, లేదా లింటెల్ పైన వెంటిలేటర్ ఉంటే వేడిగాలి బయటపడుతుంది. దోమల జాలి కూడా కిటికీతోనే అమర్చాలి. అది లేని ఇంట్లో సంధ్యవేళకు షష్ఠాంశమంతా మూతపడుతుంది.