గుండె పట్టుకోని తాత కావాలి

తెలుగు కుటుంబ కథాచిత్రాల్లో తాతగారు తప్పకుండా ఉంటారు, ఆయనకు పని మాత్రం ఉండదు. పట్టుపంచె మడత నలగదు, మనవడు ఏ తరగతో తెలియదు. ‘అత్తారింటికి దారేది’ (2013) తాత మిలాన్‌లో కూర్చుని, ఇల్లు వదిలి వెళ్లిన కూతురికోసం మనవణ్ణి పంపిస్తాడు. ‘అల వైకుంఠపురములో’ (2020)లో ఇద్దరు తండ్రులు, ఒక తాత, పురిట్లోనే తారుమారైన ఇద్దరు కొడుకులూ ఉన్నా, పెంపకం కాసిని సీన్లలో ముగిసి కథ ఒక్క గెంతులో పెద్దవాళ్ల దగ్గర వాలుతుంది. ‘శతమానం భవతి’ (2017) తాత పిల్లల్ని పండక్కి రప్పించడానికి విడాకుల ఎత్తు వేశాడు. పోనీలే, ఆయనైనా కదిలాడు. 2017లోనే వచ్చిన హాలీవుడ్ ‘డాడీస్ హోమ్ 2’ గొప్ప సినిమా ఏమీ కాదు. కానీ కన్నతండ్రీ మారుతండ్రీ పిల్లలకోసం క్రిస్మస్ ఒకే కప్పు కింద చేద్దామనుకుంటే, ఇద్దరి తండ్రులూ దిగబడతారు. అందులో ఇంటి హీటర్ ఎవరు పెంచారన్నదీ పెద్ద తగాదాయే. ఆ తాతలకు పంతాలున్నాయి, పెంపకం మీద అభిప్రాయాలున్నాయి. మన తాతకున్నది గుండెపోటు.

ఈ గుండెపోటు సంగతి కాస్త తేల్చుకోవాలి. తెలుగు సినిమా తాతకు మోకాళ్లు లేవు, నడుము లేదు, షుగరు లేదు. ఉన్నదల్లా ఎడమవైపు ఛాతీ. ఆ నొప్పికి కథాజ్ఞానం ఎక్కువ. ఇంటర్వెల్ దగ్గరపడితే తప్ప రాదు. ఒంటరిగా ఉన్నప్పుడు ముట్టదు, హాలునిండా బంధువులు చేరాకే మొదలవుతుంది. డాక్టరుగారు కళ్లద్దాలు తీసి, ‘ఈయన మనసు కష్టపెట్టకూడదు’ అంటారు. మందులచీటీ కనబడదు గానీ, ఆ మాటతో తాతకు ఇంటిమీద సర్వాధికారాలూ దఖలు పడతాయి. ఎవరు ఎవర్ని పెళ్లాడాలో, ఏ అల్లుడు గడప తొక్కాలో ఆ గుండే తేలుస్తుంది. ఈసీజీ తీస్తే గీతలకు బదులు స్క్రీన్‌ప్లే వస్తుందేమో! ఊళ్లో ఆర్‌ఎంపీకి చూపిస్తే గ్యాసని తేల్చి మాత్ర చేతిలో పెట్టేవాడు, ప్రేక్షకులు పెందలాడే ఇంటికి పోయేవారు.

‘డాడీస్ హోమ్ 2’లోలాంటి మారుతండ్రులూ విడిపోయిన ఇళ్లూ మన కథలు కావనే వాళ్లున్నారు. విడిపోయిన దంపతులు కవలపిల్లల్ని చెరొకరిగా పంచుకున్న ఇంటిని ‘లేత మనసులు’ 1966లోనే చూపించింది. అయినా పెంపకం చేతులు మారడానికి విడాకులే అక్కర్లేదు, వాన మొహం చాటేస్తే చాలు. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం వైపు పల్లెల్లో పైరు ఎండితే నాన్న హైదరాబాదుకో బెంగళూరుకో పనికి పోతాడు, పిల్లాడు తాత చేతికొస్తాడు. స్కూలు ఆటోకి ఎదురుచూసేది, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకమో వేలిముద్రో పెట్టేది, నీళ్ల క్యాను మోసేది ఆయనే. పండక్కి అమ్మ తరఫు తాత కూడా దిగాడా, పిల్లాడిది ఎవరి పోలిక, ఫీజు కట్టిందెవరు, మోటారు స్విచ్చి ఆపనిదెవరు అంటూ వియ్యంకులిద్దరూ మొదలుపెడితే హీటర్ తగాదా ఏ మూలకు?

జనం సినిమాకొచ్చేది కష్టాలు మరవడానికి, నీళ్ల క్యాన్లు చూడటానికా అని నిర్మాతలు అడగొచ్చు. హాస్యం పుట్టేదే అలాంటి చిల్లర తగాదాల్లో. అయితే నవ్వు ఆగిపోయే చోటూ ఒకటుంది. ఆ మార్కాపురం వైపే చాలా ఊళ్ల బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏళ్లతరబడి అవే తాగితే కీళ్లు బిగుసుకుంటాయి, వెన్ను వంగదు. అక్కడ తాత పట్టుకునేది గుండె కాదు, గోడ. మనవణ్ణి ఎత్తుకోవాలని ఉన్నా వంగలేడు. ఈ ఊళ్లకు కృష్ణ నీళ్లు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. ఆ ఏడు పుట్టిన పిల్లలు నాన్నలయ్యారు, అప్పటి నాన్నలు తాతలయ్యారు. ఆ నీళ్లు మాత్రం నల్లమల దాటి ఇంకా రావాలి.

ఇంత సరుకు ఇక్కడ పడి ఉంటే, తాతను ముంబయి నుంచి రప్పించి, గొంతు అరువిచ్చి, కోనసీమ కొబ్బరిచెట్ల కింద కూర్చోబెట్టడం మనకు అలవాటైంది. అలా ముంబయి నుంచి తాతలుగా వచ్చిన బొమన్ ఇరానీ, సచిన్ ఖేడేకర్ మంచి నటులే, పేచీ వాళ్లతో కాదు. తాతకు ఒక ఊరు, ఒక పని, ఒక నడుంనొప్పి ఇవ్వమనే. ముందు ఆయన భుజానికి మనవడి స్కూలు బ్యాగు తగిలించండి, డైలాగులు ఆయనే చెప్పుకుంటాడు.