పదికి పది వేసి పుణ్యం కట్టుకోండి

కిందటి సంక్రాంతికి ముందు విశాఖ ద్వారకానగర్‌లో ఓ పెద్ద షోరూములో మిక్సీ కొన్నాం. బిల్లు కట్టి, డబ్బా చంకన పెట్టుకుని మెట్లు దిగుతుంటే యూనిఫారం వేసుకున్న అమ్మాయి ఒకతి ట్యాబు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ‘‘సార్, ఒక్క నిమిషం. ఫీడ్‌బ్యాక్ ఇచ్చి వెళ్ళండి సార్’’ అంది. తెర మీద సున్నా నుంచి పది దాకా అంకెలున్నాయి. మా షాపు గురించి మీ స్నేహితులకూ బంధువులకూ చెప్పే అవకాశం ఎంత అన్నది ప్రశ్న. నా స్నేహితుల్లో సగం మంది నేను చెప్పానంటేనే ఆ షాపు ఛాయలకు పోరు. బంధువుల సంగతి చెప్పనే అక్కర్లేదు. అయినా మర్యాదకి ఎనిమిది నొక్కబోయాను. ఆ పిల్ల మొహం వాడిపోయింది. ‘‘టెన్ నొక్కండి సార్, ప్లీజ్. ఎయిట్ వస్తే రేపు పొద్దున్న మీటింగులో నన్ను నిలబెడతారు.’’

పదికి ఎనిమిదికి నిలబెడతారట! పదో తరగతి లెక్కల్లో నాకు వందకి ఎనభై వచ్చి ఉంటే మా నాన్నగారు వీధి వీధంతా పిలిచి కాఫీలు పోయించి ఉండేవారు.

దీని వెనక పెద్ద శాస్త్రమే ఉంది. 2003 డిసెంబరులో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఫ్రెడ్ రైకెల్డ్ అనే అమెరికా సలహాదారు, కంపెనీ ఎదగాలంటే తెలుసుకోవలసిన అంకె ఒక్కటే అని రాశాడు. ఆయన లెక్కలో తొమ్మిదీ పదీ వేసినవాళ్ళు కంపెనీకి ప్రచారం చేసిపెట్టే భక్తులు. ఏడూ ఎనిమిదీ వేసినవాళ్ళు గోడమీద పిల్లులు. ఆరు దగ్గర్నుంచి కిందివాళ్ళందరూ నిందించేవాళ్ళు. మరి ఆరంటే ఇక్కడ ఆంధ్రా యూనివర్సిటీలో ఫస్టు క్లాసు! ముప్ఫై అయిదు మార్కులకి సత్యనారాయణ వ్రతం చేయించుకునే జాతిని పట్టుకుని, ఎనిమిది వేస్తే ప్రేమ లేదనుకుంటే ఎలా?

అసలు మన మెప్పు అంకెల్లోకి రాదు. పెళ్ళిభోజనం అద్భుతంగా ఉంటే మనవాడు చెయ్యి కడుక్కుంటూ ‘‘పర్లేదు’’ అంటాడు. మరీ పొంగిపోతే ‘‘బానే చేశారు’’ అంటాడు. నలభయ్యేళ్ళుగా మా ఆవిడ వంటకి నేనిచ్చిన గరిష్ఠ రేటింగు ‘‘ఇంకొంచెం వెయ్యి’’. ఆ మాటలోని పదికి పది ఆవిడకి తెలుసు. ట్యాబుకి తెలీదు.

ఇంకో సంగతి. ఆ అంకె కనిపెట్టిన రైకెల్డే 2021లో అదే పత్రికలో మళ్ళీ రాస్తూ, దీన్ని ఉద్యోగుల బోనసులకి ముడిపెట్టి, మార్కులు బతిమాలి తెచ్చుకుని జనం పాడుచేశారని వాపోయాడు. పాపం, ద్వారకానగర్ దాకా వచ్చి చూసి ఉంటే ఏమైపోయేవాడో.

నేను పదే నొక్కాను. ఆ పిల్ల మొహం చూసి నొక్కాను తప్ప మిక్సీని చూసి కాదు. మిక్సీ ఇంకా డబ్బాలోనే ఉంది.

డబ్బాలోంచి తీశాక పన్నెండో రోజున అసలు కథ మొదలైంది. చట్నీ జారు మూతకి లోపల రబ్బరు రింగు ఒకటి ఉంటుంది కదా, అది ఉబ్బి గాడిలోంచి బయటికొచ్చింది. భోగి పొద్దున్న మా వంటింటి పలకల మీద అల్లం పచ్చడి స్విచ్చుబోర్డు దాకా ముగ్గు వేసింది. కంపెనీకి ఫోన్ చేశాను. మీ అభిప్రాయం మాకెంతో విలువైనది అని రికార్డు గొంతు పదకొండు నిమిషాలు చెప్పింది. తర్వాత మనిషి వచ్చాడు. మోటారు తిరుగుతోందా సార్ అన్నాడు. తిరుగుతోంది. బ్లేడు తెగుతోందా? తెగుతోంది. అయితే కంప్లయింటు ఏ కేటగిరీలోకి వస్తుంది సార్ అని నన్నే అడిగాడు. రబ్బరు బాబూ అన్నాను. వాడి కంప్యూటర్లో రబ్బరు లేదు. ‘ఇతరములు’లో వేసి ఫోన్ పెట్టేశాడు. ఆ నిమిషంలోనే మెసేజి వచ్చింది: మా ప్రతినిధి మీతో మాట్లాడిన తీరుకి ఎన్ని చుక్కలిస్తారు? వాడు మర్యాదగానే మాట్లాడాడు మరి. అయిదిచ్చాను. అలా నా గోడు అయిదు చుక్కలైంది.

చివరికి పూర్ణా మార్కెట్ దగ్గర మిక్సీలు బాగుచేసే ముసలాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన జారు వంక చూడను కూడా లేదు, నా చేతిలో మూత రంగు చూశాడంతే. బల్ల కింద నుంచి పాత బిస్కట్ల డబ్బా లాగి మూత తీశాడు. నిండా ఉబ్బిపోయిన రబ్బరు రింగులు, అన్నీ నాదాని కవలలే. ‘‘ఈ మోడలు కొన్నోలందరూ ఇదే అట్టుకొత్తారు బాబూ. నూనె తగిల్తే సాలు, ఉబ్బిపోద్ది. పాత మోడల్ది దళసరిగా ఉండీది. ఇప్పుడు పలసన సేసేసారు. పైసలు మిగుల్తాయని గావాల.’’ తన దగ్గరున్న మందం రబ్బరు గాడిలో కూర్చి, బొటనవేలితో చుట్టూ నొక్కి, ఇరవై రూపాయలు పుచ్చుకున్నాడు.

ఆ మోడలు గురించి కస్టమర్లు ఏమనుకుంటున్నారో తెలుసుకోడానికి ఆ కంపెనీ ఎంత తగలేస్తోందో నాకు తెలీదు. సమాధానం మాత్రం ఆ బిస్కట్ల డబ్బాలో ఉంది. ఇన్నేళ్ళలో ఏ కంపెనీవాడైనా వచ్చి ఆ డబ్బా చూశాడా అనడిగితే ముసలాయన నన్ను జాలిగా చూశాడు.

మేనేజిమెంటు ఉపన్యాసాల్లో ఇక్కడ తప్పకుండా హెన్రీ ఫోర్డ్ వస్తాడు. జనాన్ని అడిగి ఉంటే ఇంకా వేగంగా పరిగెత్తే గుర్రం కావాలనేవాళ్ళు అన్నాడట. ఆయన ఆ మాట అన్నట్టు దాఖలా ఎక్కడా లేదు. అయితేనేం, ఎంత సౌకర్యమైన గుర్రమో! కస్టమర్ని అడగడం ఇష్టం లేనివాడు దీనిమీదే ఎక్కి ఊరేగుతాడు. ఇష్టమైనవాడు కోకాకోలా కథ ఎత్తుకుంటాడు, అదీ సగం. వాళ్ళు దాదాపు రెండు లక్షల మందికి గుక్కెడు గుక్కెడు పోసి రుచి అడిగారు. కొత్తదే బావుందన్నారు ఎక్కువమంది. 1985 ఏప్రిల్ 23న పాతది తీసేసి కొత్తది పెట్టారు. అమెరికా దేశం దేశమంతా తిట్టిపోసింది. 79 రోజులకి, జులై 11న, పాతదాన్ని వెనక్కి తెస్తున్నామని చెప్పుకోవలసొచ్చింది. నాలుకని అడిగారు సరే, ఆ సీసాతో పెరిగి పెద్దయిన మనిషిని అడగలేదు. కొత్త కోడలు బాగుందా అనడిగి, బాగుందనగానే పాత కోడల్ని గెంటేస్తే ఊరు ఊరుకుంటుందా?

ఏ గుర్రమూ ఎక్కకుండా ఈ ఊళ్ళో చుట్టూ చూస్తే నాకు ఒకటి కనిపిస్తోంది. అడిగేవాడి చేతిలో నిర్ణయం లేదు, నిర్ణయం చేతిలో ఉన్నవాడు అడగడు. చెప్పులు కొన్నా, దోసె తిన్నా, ఆటో దిగినా చుక్కలు అడుగుతారు. పెద్ద విషయానికొచ్చేసరికి చుక్కలు మాయమవుతాయి.

ఉక్కు సంగతే చూడండి. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల కమిటీ, విశాఖ ఉక్కులో ప్రభుత్వ వాటా నూటికి నూరూ వదిలించుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పేసుకుంది. ఆ రోజు గాజువాకలో ఎవడి ఫోనుకీ లింకు రాలేదు. ‘ఈ నిర్ణయాన్ని మీ స్నేహితులకూ బంధువులకూ చెప్పే అవకాశం ఎంత?’ అని అడిగి ఉంటే బాగుండేది. ఎందుకంటే ఈ ఊరు అడక్కుండానే అభిప్రాయం చెప్పే ఊరు. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్నప్పుడు ఫారమూ లేదు, పెట్టె మీద కన్నమూ లేదు. 32 మంది ప్రాణాలు పోయాక, నాలుగేళ్ళకి, 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ఒప్పుకున్నారు. ఆ కర్మాగారం కోసం ఊళ్ళకి ఊళ్ళే భూములిచ్చాయి. కస్టమరు, యజమాని, నిర్వాసితుడు ముగ్గురూ ఒకే మనిషైన వ్యాపారం అది. అలాంటి మనిషిని ఊచ సరిగ్గా వంగుతోందా అని మాత్రం అడగొచ్చు, కొలిమిని ఎవరికి అమ్మాలో అడక్కూడదు. చివరికి వాడే కూర్మన్నపాలెం రోడ్డు పక్కన టెంటు వేసుకుని ఏళ్ళ తరబడి తన ఫీడ్‌బ్యాక్ తను ఇచ్చుకున్నాడు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఆ టెంటుకి ఎన్ని చుక్కలివ్వాలో రైకెల్డ్ లెక్కలో లేదు.

కరెంటు దగ్గర పరిస్థితి వేరు. అక్కడ వినక తప్పదు, చట్టం ఉంది. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షను ప్రకారం టారిఫ్ ఖరారు చేసే ముందు కమిషన్ ప్రజల సూచనలూ అభ్యంతరాలూ పరిశీలించి తీరాలి. సీతమ్మధారలో ప్రధాన కార్యాలయం ఉన్న తూర్పు డిస్కం వినియోగదారులు కూడా ఏటా ఈ ప్రజాభిప్రాయ సేకరణల్లో గొంతు విప్పుతుంటారు. రైతు సంఘాలు, ఫెర్రో ఎల్లాయ్ కంపెనీలు, లెక్కల కాగితాలు సంచీలో పెట్టుకుని వచ్చే రిటైర్డు పెద్దమనుషులు. అడిగినదీ డిస్కం చెప్పిన జవాబూ కమిషన్ ఉత్తర్వులో అచ్చవుతాయి. వెక్కిరించడానికే కూర్చున్నాను గానీ ఇక్కడ నాకు నోరు రావడం లేదు. పేరు చెప్పి, కారణం చెప్పి అడిగితే, పేరు చెప్పి కారణం చెప్పి జవాబివ్వాల్సిన చోటు ఊళ్ళో ఇంకెక్కడుంది?

నోరు రావడానికి బిల్లు వస్తే చాలు. అందులో ఎఫ్‌పీపీసీఏ అని ఒక గడి ఉంటుంది. పలికేలోపు మీటరు అరయూనిట్టు తిరుగుతుంది. ఇంధనం ఖర్చు పెరిగితే యూనిట్‌కి 40 పైసల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేకుండానే నెలనెలా వేసుకోవచ్చని 2023లో దారి వేశారు. పందిరి వేసి ఏడాదికోసారి అడుగుతారు, పందిరి లేకుండా పన్నెండుసార్లు వడ్డిస్తారు.

పోనీ ప్రభుత్వాలు? అవి వినడంలో ఒకదాన్ని మించింది మరొకటి. ఒకరు 1100 నంబరు పెట్టి, ఫోన్లు చేయించి, సంతృప్తి ఎన్ని శాతమో తెర మీద చూసుకున్నారు. 2019లో 175 సీట్లకి 23 వచ్చాయి. తర్వాతివారు 2023లో 1902 పెట్టి తమకే నేరుగా చెప్పమన్నారు. మరుసటేడు 11 వచ్చాయి. ఫోన్లో సంతృప్తి అని నొక్కిన వేలే బూత్‌లో ఇంకోచోట నొక్కిందంటే జనం అబద్ధాలాడారని కాదు. ఇంటికొచ్చి అన్నం తిన్నావా అనడిగినవాడికి తిన్నాననే చెబుతాం.

అన్నట్టు ఊరు శుభ్రంగా ఉందా అని కూడా అడుగుతారు. 2017 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2000 మార్కులకి 600 పౌరుల అభిప్రాయానికే పెట్టారు. మన ఊరికి దేశంలో మూడో స్థానం వచ్చింది, సంతోషం. తర్వాతి ఏళ్ళలో ప్రశ్నలు రాటుదేలాయి. పౌరుణ్ణి మొట్టమొదట అడిగింది చెత్త ఎత్తారా అని కాదు, మీ నగరం ఈ పోటీలో ఉన్నట్టు మీకు తెలుసా అని. పెళ్ళివారిని భోజనం ఎలా ఉందని అడగడం మానేసి, మీరు పెళ్ళికొచ్చిన సంగతి మీకు తెలుసా అని అడిగినట్టుంది.

నా మిక్సీ దగ్గరికొస్తాను. ముసలాయన రబ్బరు వేశాక మూత బిగిసింది, పచ్చడి జారులోనే ఉంటోంది. నెల్లాళ్ళకి కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ఈసారి ఆడగొంతు, తియ్యగా ఉంది. ‘‘సార్, మీ కంప్లయింటు రిజాల్వ్ అయిందా సార్?’’ అయిందమ్మా అన్నాను. అబద్ధం కాదు కదా. ‘‘అయితే పదికి ఎంతిస్తారు సార్?’’ నా కళ్ళముందు ద్వారకానగర్ మెట్ల మీది పిల్ల మొహం కదిలింది. పది అన్నాను. ఫోన్లోనే ఆవిడ ఊపిరి తేలిక పడడం వినిపించింది. రబ్బరు మాట ఎత్తబోయాను గానీ అప్పటికే థాంక్యూ చెప్పేసింది.

మర్నాడు మెసేజి. మా ఉత్పత్తిని అంతగా ఆదరించిన మీవంటి విశిష్ట కస్టమరుకి ప్రత్యేక తగ్గింపు, ఇదే మోడల్లో పెద్ద సైజు మిక్సీ, మూడు జార్లతో. కింద బొమ్మ ఉంది. కళ్ళజోడు పెట్టుకుని పెద్దది చేసి చూశాను. మూడింటికీ అదే మూత.