మూడు వందల పన్నెండు పేర్లు: ఒక సెల్లు ఆత్మకథ

నా పుట్టుక గురించి ఎక్కువ చెప్పను. సత్యవేడు దగ్గర శ్రీసిటీలో 2015 నుంచి సెల్లులు తయారవుతున్నాయి. 2018లో నేనూ అందులో ఒకదాన్నై బయటికొచ్చాను. అప్పటికది చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీశాక తిరుపతి జిల్లా అయింది. పల్లెల నుంచి బస్సుల్లో వచ్చే ఆడపిల్లలు బిగించారు, అట్టపెట్టెలో పెట్టారు. అంతే.

నన్ను కొన్నది తిరుపతి ఆటో ఆయన. బస్టాండుకెదురుగా శ్రీనివాసం వసతి గృహం దగ్గర ఆయన స్టాండు. పేరు చెప్పను, ఆ పేరు ఇప్పటికే చాలామంది నోళ్లలో పడింది. మొదటి రెండేళ్లూ నాది రాజభోగం. హ్యాండిల్ పక్కన కూర్చుని అలిపిరి, కపిలతీర్థం, తిరుచానూరు రోజుకు నాలుగైదుసార్లు చుట్టొచ్చేదాన్ని. దిగేటప్పుడు భక్తులు "నంబరియ్యన్నా, తిరిగి పోయేటప్పుడు చేస్తాం" అనేవాళ్లు. వాళ్లతోపాటు తెలిసినవాళ్లందరినీ ఆయన తనకు తోచిన పేర్లతో నాలో దాచుకునేవాడు. చెన్నై పార్టీ. షోలాపూర్ గుండు అవ్వ. రేణిగుంట ఏర్‌పోర్టు బాడుగ. పాప టీచరు. పీలేరు అక్క. ఒకసారి అలిపిరి గరుడ విగ్రహం దగ్గర తప్పిపోయిన ముసలాయన్ను నా మీంచి పోయిన ఒక్క ఫోనుతోనే కొడుకు దగ్గరికి చేర్చాం. ఆ రోజు ఆయన నన్ను చొక్కా అంచుతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

నెట్టు రెండో ముఖం అప్పుడే కాస్త చూశాను. ఒక కుటుంబం మూడొందల రూపాయల దర్శనం టికెట్లు చేత్తో పట్టుకుని ఆటో ఎక్కింది. కొండ మీద వైకుంఠం క్యూ దగ్గర స్కానర్ ఒప్పుకోలేదట. దేవస్థానం వెబ్‌సైటును అచ్చు గుద్దినట్టు దింపిన దొంగ సైటులో డబ్బు కట్టారు పాపం. అలాంటి సైట్ల మీద టీటీడీ ఎన్నిసార్లు పోలీసులకు చెప్పినా, ఒకటి మూస్తే ఇంకొకటి తెరుస్తున్నారు. ఆ తల్లి దేవుణ్ణి తిట్టలేదు. తన చేతిలోని సెల్లును తిట్టింది. మా జాతికి తిట్లు అలవాటే అనుకుని ఊరుకున్నాను.

2020 మార్చి 20న కొండ మీద దర్శనాలు ఆపేశారు. మళ్లీ మామూలు భక్తులను పంపింది జూన్ 11న. అప్పుడు కూడా రోజుకు కొన్ని వేల మందినే. శ్రీనివాసం ముందు ఆటోలు వరసగా నిలబడి ఎండకు మాడాయి. ఇంటి బాడుగ మూడు నెలలు నిలిచింది. ఒక మధ్యాహ్నం, ఆటో వెనక సీట్లో కాళ్లు చాపుకుని, ఆయన ఒక అప్పు యాప్ దించాడు. ష్యూరిటీ లేదు, కాగితం లేదు, ఐదు నిమిషాల్లో డబ్బు.

అది అడిగింది అనుమతే. కాంటాక్టులు చూడొచ్చా? ఫొటోలు చూడొచ్చా? నేను నా పద్ధతి ప్రకారం రెండు మాటలూ ఆయన ముందు పెట్టాను: అనుమతించు, తిరస్కరించు. పక్కింటివాడు ఆ రోజు సంపాదనెంత అని అడిగితే "ఏదో వొస్తా ఉందిలే" అని దాటేసే మనిషి. ముక్కూ మొహం తెలియని యాప్ అడిగితే చదవనైనా చదవకుండా బొటనవేలు ఆనించాడు. రెండోసారి, మూడోసారి కూడా. మూడు వందల పన్నెండు పేర్లు నాలోంచి వెళ్లిపోవడానికి పట్టిన సమయం ఆయన బీడీ వెలిగించుకునేంత.

ఐదు వేలు అడిగితే ఫీజులు పట్టుకుని మూడున్నర వేలు వేశారు. ఏడు రోజుల్లో ఐదు వేలూ కట్టాలి. అది కట్టడానికి ఇంకో యాప్, దానికి మరొకటి. ఆరోదాని దగ్గర ఆయన ఆగిపోయాడు. యాప్‌లవాళ్లు ఫోన్లు మొదలుపెట్టారు. మాట్లాడేది తెలుగు కుర్రాడే. గొంతు వెనక ఇంకా పదిమంది అవే తిట్లను అదే వరసలో అప్పజెబుతుండడం నాకు వినబడేది. జీతానికి తిట్టే పిల్లలు. తర్వాత ఆయన ఫొటో కింద 'దొంగ' అని రాసి, పేర్లన్నిటికీ పంపారు. ముందు పోయింది పాప టీచరుకు. షోలాపూర్ అవ్వకు కూడా పోయింది. ఆమెకు తెలుగు రాదు, ఆ ఒక్కటే మేలు.

పీలేరు అక్క ఫోన్ చేసి, "రేయ్, వాళ్లనెవరినో అడిగే బదులు నన్నడగకూడదా?" అని ఏడ్చింది. మెడలో గొలుసు కుదవ పెట్టి ఆమే తీర్చింది. ఆ రాత్రి ఆయన నన్ను హ్యాండిల్ రాడ్‌కేసి కొట్టాడు. అద్దం మూల నుంచి మూలకు చీలింది. నా తప్పేమిటో ఇప్పటికీ అడగాలనే ఉంది.

ఆ డిసెంబరులో తెలంగాణలో ఇలాంటి వేధింపులకు కొందరు ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాదులో, గురుగ్రామ్‌లో కాల్ సెంటర్ల మీద పోలీసులు పడ్డారు. 23న రిజర్వు బ్యాంకు హెచ్చరిక ఇచ్చింది. సైబర్ మోసమైతే 1930కి చెయ్యమంటారిప్పుడు. ఆ నంబరు అప్పటికింకా లేదు. అప్పు యాప్‌లు సెల్లులో కాంటాక్టులు, కాల్ వివరాలు ముట్టుకోకూడదని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది 2022 సెప్టెంబరు 2న. రెండేళ్ల ముందే పెట్టి ఉంటే నా అద్దం చీలేది కాదు.

తర్వాత కొన్నాళ్లు ఆయన పాప ఆన్‌లైన్ క్లాసులకు పనికొచ్చాను. క్లాసు నలభై నిమిషాలు, వీడియోలు మూడు గంటలు. ఇళ్లన్నిటా అదే కథ, విప్పి చెప్పేదేముంది.

కొత్త సెల్లు వచ్చాక నన్ను టీవీ కింది సొరుగులో పడేశారు. తోడుకు పాత చార్జర్లు, గడువు తీరిన మాత్రలు, రబ్బరు బ్యాండ్లు. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచింది. పండక్కి సొరుగు సర్దేటప్పుడు ఇంటావిడ నన్ను చేతిలోకి తీసుకుని చూసేది. మళ్లీ అక్కడే పెట్టేది. తుడిచింది లేదు.

పైన టీవీ మాటలు సొరుగులోకి వినబడతాయి. 2024 ఆగస్టులో రామగుండం పోలీసులు ఒక ముఠా దగ్గర నాలుగు వేల దాకా పాత సెల్లులు పట్టుకున్నారని చెప్పారు. ఊరూరా తిరిగి ప్లాస్టిక్ సామాన్లిచ్చి కొన్నవట. సైబర్ మోసగాళ్లకు చేరాల్సినవట. చచ్చినా మాకు విశ్రాంతి లేదన్నమాట.

మొన్న వీధిలో మైకు మోగింది: పాత సెల్లులకు బకెట్లు, టబ్బులు. ఇంటావిడ సొరుగు లాగింది. పోగొట్టుకున్న సెల్లుల్ని వెతికిపెట్టడానికి తిరుపతి పోలీసులు 'మొబైల్ హంట్' పెట్టారు గానీ, నేను పోలేదు కదా, ఇచ్చేశారు. ఒక నీలం బకెట్టు, బేరమాడితే పైన ఒక చెంబు. ఇప్పుడు గోనెసంచిలో ఉన్నాను, పైనా కిందా నాలాంటివే. నన్ను ఇచ్చేముందు ఎవరూ ఏమీ చెరపలేదు. మూడు వందల పన్నెండు పేర్లూ నాలోనే ఉన్నాయి.