నలువదియేడును మూడును

వేంగీదేశమున గణితమునకు గౌరవము నేటిది కాదు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనిగించి, ఇంత సొమ్మున కింత వడ్డీ యైనచో నంత సొమ్మున కెంత యను త్రైరాశికమును తెలుగువాని నోట పలికించిన నాటినుండియు, కరణము మొదలు కౌలురైతు వరకు పాళ్లెరిగి పంచుకొనుటయే న్యాయమని నమ్మిన సీమ యిది. అట్టి సీమలో, పెదవేగికి పొరుగున నున్న ఏలూరు నగరపాలక సంస్థకు 2021లో జరిగిన ఎన్నికలలో 50 డివిజనులకుగాను 47 ఒక పక్షమునకును, 3 మరియొక పక్షమునకును దక్కినవని విని, గెలిచినవారికి ఎదురుపడి ఓటు వేసినవారు ఈ నగరమున నూటి కారుగురే కాబోలునని పరదేశి యెవడైన లెక్క కట్టినచో, అతని త్రైరాశికమునందు దోష మేమియు లేదు. ఆ ఆరుగురికంటె ఎన్నో రెట్లు ఎక్కువమంది పవరుపేటలోను, తంగెళ్లమూడిలోను, అశోక్‌నగరులోను యథాప్రకారము కాఫీ త్రాగుచు, పత్రిక చదువుచు, మురుగుకాలువను తిట్టుచు జీవించియే యున్నారన్న సంగతి అతనికి తెలియదు. కౌన్సిలు హాలునకు అంతకన్న తెలియదు.

ఆ ఎన్నికయొక్క చరిత్ర కొంత విచిత్రమైనది. మార్చి 10వ తేదీన ఓట్లు పడినవి. ఓటర్ల జాబితాలోని తప్పులనుగూర్చి హైకోర్టులో వ్యాజ్యము నడచుచుండుటచేత, వేసిన ఓట్లు లెక్కింపబడక పెట్టెలలోనే మ్రగ్గి, నాలుగున్నర నెలల పిమ్మట జులై 25వ తేదీన వెలుగు చూచినవి. మూడు డివిజనులకు ఆ నిరీక్షణయు లేదు, అచట ఏకగ్రీవము. (ఏకగ్రీవ మనగా ఒక్కటే కంఠ మని అర్థము, తక్కిన కంఠము లేమైనవని విచారించుట మర్యాద కాదు.) అవి కాగితపు ఓట్లు, యంత్రమన్న మాట లేదు. ఈ సంగతిని పాఠకులు కొంచెము జ్ఞాపక ముంచుకొనవలయునని నా ప్రార్థన. ఏలయన, మన రాష్ట్రమున ఓడిన ప్రతి పక్షమును తన యోటమికి యంత్రమునే కారణముగా చూపుట ఆచారమైపోయినది. 2019లో తెలుగుదేశమునకు నూటికి 39 ఓట్లు వచ్చి 175 శాసనసభా స్థానములలో 23 దక్కినవి, యంత్రమును నమ్మరాదన్నారు. 2024లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసునకు ఆ నూటికి 39 ఓట్లే వచ్చి 11 దక్కినవి. గెలిచిన నాడు యంత్రములో ఏ లోపమును కనుగొనని ఆ పక్షమువారు కాగితపు ఓటే ఉత్తమ మన్నారు. ఒకే 39 ఒకసారి 23గాను, మరియొకసారి 11గాను పరిణమించు రసవాదము యంత్రములో లేదు, కాగితములోను లేదు. అది, డివిజనునకో నియోజకవర్గమునకో ఒక్కడే గెలుచును, తక్కినవారి కేమియు లేదన్న నిబంధనలో నున్నది. కాగితముతో జరిగిన ఏలూరు ఎన్నికయే అందులకు సాక్ష్యము చెప్పుచుండగా వినువారు లేరు.

ఒక లెక్క చూతము. 50 డివిజనుల పట్టణ మొకటి కలదనియు, ప్రతి డివిజనులో వేయిమంది ఓట్లు వేసిరనియు, అందు మొదటి పక్షమునకు 450, రెండవదానికి 350, మూడవదానికి 200 చొప్పున వచ్చినవనియు అనుకొందము. మొదటి పక్షమువారు 50కి 50 గెలిచి బాణసంచా కాల్చుదురు. అక్కర్లేదన్న 27,500 మంది ఆ చప్పుడు వినుచు ఇండ్లకు పోవుదురు. ఇప్పుడు ఐదేసి డివిజనులను కలిపి పది పెద్ద వార్డులుగా చేసి, ఒక్కొక్క వార్డునుండి ఐదుగురను ఎన్నుకొనుచు, ఓటరు తన కిష్టమైన క్రమములో 1, 2, 3 అని అంకెలు వేయు దామాషా పద్ధతి పెట్టినచో ఏమగును? ఐదువేల ఓట్లలో 834 తెచ్చుకొన్న ప్రతివాడును గెలుచును. గెలిచినవానికి మిగిలిపోయిన ఓట్లును, ఆశ లేనివానికి పడిన ఓట్లును వ్యర్థము గాక, ఓటరు వ్రాసిన తరువాతి పేరునకు పోవును. ఓటర్లు తమ పక్షములోపలనే అంకెలు వేసిరనుకొన్నచో, ఆ మూడు పక్షములకు వార్డునకు 2, 2, 1 చొప్పున, పట్టణ మంతటికి 20, 20, 10 చొప్పున వచ్చును. నూటికి 45 వచ్చినవారికిని 35 వచ్చినవారికిని సమానముగా నిచ్చుట అన్యాయము కాదా యని వెంటనే ఒక పెద్దమనిషి లేచి ప్రశ్నించును. అన్యాయమే, కొంత. కాని అదే 45కు యాబదికి యాబదియు ముట్టినప్పుడు ఆ పెద్దమనిషి కన్నులు ఎచ్చట నుండెనో!

అతడే మరల లేచి, ఇట్టి పద్ధతిలో ఓటుకాగితము కొల్లేటి చాంతాడంత యగుననియు, మన జనము చదువలేక తికమకపడుదురనియు సెలవిచ్చును. ఈ కారుణ్యమునకు మనము నమస్కరింపవలసినదే. అయితే ఇదే జనముచేత ఒక్క ముద్రతో ఎన్నుకోబడిన కార్పొరేటరుగారు, స్థానిక సంస్థల పక్షమున శాసనమండలికి సభ్యుని పంపవలసివచ్చినపుడు, ఎన్నికల అధికారి చేతికిచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్నుతో 1, 2 అని చక్కగా ప్రాధాన్యతలు వేయును. 2023 మార్చిలో పశ్చిమ గోదావరి స్థానిక సంస్థలనుండి రెండు స్థానములకు అట్లే జరిగినది. శాసనసభ్యులు రాజ్యసభకు పంపునదియు దామాషా పద్ధతిలోనే; రాష్ట్రపతి ఎన్నికయు దామాషాయే యని రాజ్యాంగమే చెప్పుచున్నది. (ఒక్క రాష్ట్రపతిని ఏ పాళ్లలో పంచుదురో నాకు తెలియదు కాని, పద్ధతి పేరు మాత్ర మది.) కావున సిద్ధాంత మేమనగా, తమలో తాము పంచుకొనవలసి వచ్చినపుడు పెద్దలకు త్రైరాశికము క్షుణ్ణముగా తెలియును, మనకు పంచవలసి వచ్చినపుడు మాత్రము అది దురవగాహమైన శాస్త్రమగును. నిన్నటి దినమున ఒకే ఒక్క ముద్ర వేయుటకు మాత్రమే యోగ్యుడైన సామాన్యుడు, నేడు కార్పొరేటరై ప్రమాణస్వీకారము చేయుటతోనే అంకెలు వేయు జ్ఞానమును పొందుచున్నాడు. గాయత్రీమంత్రోపదేశమునకును ఇంతటి మహిమ లేదు.

తాడేపల్లిగూడెము ఉల్లిపాయల మార్కెట్టులోనికి పోయి చూడుడు. లారీ దిగిన బస్తాను విప్పి, చేతితో తిరుగవేసి, ఇది మొదటి రకము, ఇది రెండవది, ఇది మూడవది యని క్షణములో తేల్చి, రకమునకు తగిన ధర పలుకువారికి, ముగ్గురు అభ్యర్థులను రకము కట్టుట రాదట! పట్టభద్రులమాట వేరని కొందరందురు. నిజమే, 2025లో ఉభయ గోదావరి జిల్లాల పట్టభద్రుల స్థానమునకు ముప్పదిమందికి పైగా పోటీ చేయగా, ఆ ఓట్ల లెక్కింపు ఏలూరులోనే జరిగినది, చెల్లని ఓట్లు వేలకొలది తేలినవి. అంకె వేయుటకు బి.ఏ. అడ్డమేమో యని నా కనుమానము. చదువుకొన్నవాడు అంకెతో తృప్తిపడడు; టిక్కు పెట్టవలె, సంతకము చేయవలె, వీలైన తన అభిప్రాయమును కూడ నాలుగు ముక్కలలో వ్రాయవలె.

1949 జనవరిలో రాజ్యాంగ పరిషత్తునందు దామాషా పద్ధతి ప్రతిపాదనకు వచ్చినపుడు అంబేడ్కరుగారు దానిని త్రోసిపుచ్చుచు, అది అక్షరాస్యత విస్తారముగా నున్న దేశములకే తగుననియు, స్థిరమైన ప్రభుత్వమునకు అది అడ్డు రాగలదనియు చెప్పిరి. నూటికి 18 మందికి మాత్రమే చదువు వచ్చిన ఆ కాలమున ఆ మాట బరువైన మాట. 2011 నాటికే మన పశ్చిమ గోదావరిలో నూటికి 74 మందికి పైగా చదువ నేర్చిరి. జనము పెరిగినది, బడులు పెరిగినవి, తాడేపల్లిగూడెమున ఎన్.ఐ.టి. వెలసినది; ఆ సమాధానము మాత్రము ఒక్క యంగుళమైనను కదలక 1949లోనే నిలిచియున్నది. అంబేడ్కరుగారి తక్కిన మాటలకు కూడ మన నాయకులు ఇంతటి విధేయత చూపినచో దేశ మెన్నడో బాగుపడియుండును.

ఇక స్థిరత్వము. ఢిల్లీలో మంత్రివర్గములు కూలునన్న భయమును తెచ్చి తమ్మిలేటి గట్టున పాతిపెట్టుటలో ఔచిత్య మేమో బోధపడదు. నగర కౌన్సిలు యుద్ధము ప్రకటింపదు, నోట్లు అచ్చు వేయదు. కుళాయిలో నీరు, వీధిలో దీపము, కాలువలో పూడిక, ఇవియే దాని రాజ్యభారము. పోనీ, 47 స్థానముల మహాస్థైర్య మేమైనది? 2024లో రాష్ట్రమున ప్రభుత్వము మారిన కొన్ని నెలలకే ఏలూరు మేయరుగారు తెలుగుదేశములో చేరిరి. ఓటరు చేయి కదలలేదు. ఓటుకాగితము అచ్చు కాలేదు. ఒక్క పెట్టెయు సీలు విప్పలేదు. నగరపీఠము మాత్రము ఒక పక్షమునుండి ఇంకొక పక్షమునకు సుఖముగా సాగిపోయినది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏరులన్నియు వచ్చిపడు కొల్లేటికి సముద్రమునకు పోవు దారి ఉప్పుటేరొక్కటే యగుటచేత, వానలు హెచ్చిన యేట నీరు ఎగదన్ని లంకగ్రామముల గుమ్మములలోనికి వచ్చును. డివిజనున కొక్క గెలుపే దారి యని కట్టడి చేసి, తక్కిన ఓట్ల నన్నిటిని ఎగదన్నించు ఈ పద్ధతిని స్థిరత్వ మనుట, ముంపును జలసమృద్ధి యనుటవంటిది.

ఈ దామాషా ఏదో గంధర్వనగరమునందలి వింత యనుకొనువారికి ఒక్కమాట. ఐర్లండులో స్లైగో అను చిన్న రేవుపట్టణము, పురపాలకము అప్పులపాలై దివాలాకు వచ్చిన స్థితిలో, 1919 జనవరిలో ఈ అంకెల పద్ధతిన 24 మందిని ఎన్నుకొన్నది. ఏ పక్షమునకును సగము రాలేదు, ఊరు కూలలేదు. ఆ మరుసటి సంవత్సరమే దేశమంతట స్థానిక సంస్థల కదే పద్ధతి వచ్చినది. అక్కడి ఏలికలు పార్లమెంటు ఎన్నికలనుండి దీనిని తొలగింతుమని 1959లో ఒకసారి, 1968లో ఒకసారి ప్రజల ననుమతి యడుగగా, రెండుసార్లును ప్రజలు వలదనిరి. తికమకపడినవారు తమ తికమకను అంత శ్రద్ధగా కాపాడుకొనుట లోకములో అరుదు. అమెరికాలో మసాచుసెట్సు రాష్ట్రపు కేంబ్రిడ్జి నగరము 1941 నుండియు తన తొమ్మండుగురు కౌన్సిలర్లను ఇట్లే ఎన్నుకొనుచున్నది. న్యూయార్కులో మాత్రము 1937లో పెట్టి 1947లో తీసివేసిరి. ఇద్దరు కమ్యూనిస్టులు గెలిచి కౌన్సిలులో కూర్చుండుట అచటి పెద్ద పక్షముల చేతి కాయుధమైనది. ఓట్లు వేసినవారు ఉన్నారు కనుక గెలిచిరన్న సంగతి అచట నేరముగా పరిగణింపబడినది.

మన పక్షములలో వామపక్షములవారు దామాషా కావలెనని ఏండ్లతరబడి అడుగుచునే యున్నారు. వారి మాటకు, వారి స్థానములకు తగినంత విలువయే లభించుచున్నది. తక్కిన పక్షములకు ఇది ఓటమి నాటి రాత్రి వచ్చు జ్వరమువలె నుండి, ఈసారి ఊడ్చివేయుదుమను ఆశ పుట్టుటతోనే చల్లారును. ఊడ్చివేయుట మన రాజకీయములలో పరమపురుషార్థము. నగరపాలక సంస్థకు చీపురుతో సంబంధమున్న మాట నిజమే గాని, అది వీధుల నూడ్చుటకని వినియుంటిమి.

అయినను స్థిరత్వమే పరమార్థ మనువారికి ఏలూరుకంటె గొప్ప క్షేత్ర మొకటి దగ్గరలోనే కలదు. తాడేపల్లిగూడెము పురపాలకమున 2019లో పాత కౌన్సిలు గడువు తీరెను. 2021లో ఊరూర ఎన్నికలు జరిగినపుడు, వ్యాజ్యముల చిక్కులచేత అచట జరుగలేదు. ప్రత్యేకాధికారి పాలన వచ్చెను. అధికారపక్షము లేదు, ప్రతిపక్షము లేదు, ఫిరాయింపు లేదు, అవిశ్వాసము లేదు, చెల్లని ఓటు లేదు. ఓటుకాగితమే లేదు గనుక దాని పొడవునుగూర్చి ఒక్క ఫిర్యాదును రాలేదు.