పత్తి అమ్మాలంటే ఏ ఫోను మంచిది?

పత్తి ఏరేముందు రైతు సమకూర్చుకోవాల్సినవి అందరికీ తెలిసినవే. సంచులు, కూలీలు, కూలీలను తెచ్చే ఆటో, కిరాయి ట్రాక్టరు. 2025 నుంచి వీటిలో ఇంకొకటి కలిసింది: ఆండ్రాయిడ్ ఫోను. ఆ ఏడు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ ‘కపాస్ కిసాన్’ అని ఒక యాప్ తెచ్చి, అందులో స్లాట్ పట్టుకున్నవారి పత్తే కొంటామన్నది. ఆ సీజనులో పొడవు పింజకు మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. యాప్ లేనివాళ్లు అధైర్యపడాల్సిన పనిలేదు, ఊళ్లో కాంటా పెట్టుకున్న దళారి ఉండనే ఉన్నాడు. ఆయనకు స్లాట్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు, మద్దతు ధరతో అసలే పనిలేదు.

కాబట్టి నల్లగొండలోనూ పాలమూరులోనూ ఫోను మార్చడం ఇప్పుడు వ్యవసాయ పనుల కిందికి వచ్చింది. దుక్కి, విత్తనం, కలుపు, ఫోను.

మునుగోడు దిక్కు నుంచి ఒక పెద్దాయన ఈ పని మీద నల్లగొండ గడియారం సెంటర్‌కు వచ్చాడనుకోండి. జేబులో బటన్ల ఫోను ఉంది. దానికి ఏ రోగమూ లేదు. చేనుగట్టు మీద నుంచి ఎన్నిసార్లు పడినా లేచి మోగింది. దాని తప్పల్లా ఒక్కటే, యాప్ పట్టదు. షాపులో కుర్రవాడు గాజుబల్ల మీద నాలుగు ఫోన్లు పరిచాడు.

“తాతా, గేములాడుతవా?”

“వానతోని ఆడేదే సాలుతలేదా బిడ్డా?”

“కెమెరా యాభై మెగాపిక్సెల్.”

“పత్తిల తేమ గానొస్తదా అండ్ల?”

కుర్రవాడికి పాపం ఈ ఫీచరు గురించి ఎవరూ చెప్పలేదు. “నీళ్లల్ల పడ్డా ఏంగాదు, వాటర్‌ప్రూఫ్” అన్నాడు.

“పత్తికి గూడ గసొంటిదేమన్న ఉంటె సూపియ్యి.”

నవ్వుకోవచ్చుగానీ పెద్దాయన అడిగినవే అసలు ప్రశ్నలు. తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర, 12 దాటితే బండి వెనక్కి. స్లాట్ ఇచ్చిన రోజున వాన పడితే యాప్‌కు ఏమీ కాదు. ఎంత వానైనా తట్టుకునే సామాను అదొక్కటే.

ఈ నేలకు ఎలాంటి ఫోను కావాలో ఒకప్పుడు ఫిన్లండ్‌లో కూర్చున్నవాళ్లకు తెలిసింది. 2003లో వచ్చిన నోకియా 1100 సంగతి చెబుతున్నాను. దుమ్ము చొరబడని బటన్లు, చెమట చేతిలో జారని అంచులు, నెత్తిన టార్చిలైటు. ప్రపంచమంతా కలిపి ఇరవై అయిదు కోట్లకు పైగా అమ్ముడుపోయింది. మన దగ్గర దాన్ని ఫోనుగా వాడినవాళ్లకంటే టార్చిగా వాడినవాళ్లే ఎక్కువనుకుంటాను. వ్యవసాయానికి కరెంటు విడతలు విడతలుగా, అందులో ఒక విడత అర్ధరాత్రి వచ్చే రోజులవి. బోరుకాడికి పోయే దారిలో పాము ముందు కనిపించాలా, స్టార్టరు ముందు కనిపించాలా అన్నది ఆ చిన్న బల్బు చేతిలో ఉండేది. 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. మొబైల్ స్టార్టర్లు కూడా వచ్చి, మంచంలో నుంచే మోటరుకు ఫోన్ చేసే భోగం కొందరికి దక్కింది. అలా బోరు డబ్బాలోకీ ఒక సిమ్ముకార్డు చేరింది. ఇంట్లో అందరికంటే బుద్ధిగా ఫోనెత్తేది ఇప్పుడు ఆ మోటరే.

ఫోను కొంటే పని అయిపోతుందా అంటే, కాదు. నంబరు ఉంది. పంట వివరాల్లో ఏ నంబరు రాయించారో ఓటీపీ దానికే వెళుతుంది. పాలమూరు ఇళ్లలో ఆ నంబరు కొడుకుది. కొడుకు పుణెలో స్లాబు పోస్తున్నాడు. తండ్రి నారాయణపేటలో యాప్ తెరిస్తే అంకెలు పుణెలో మోగుతాయి. కాంక్రీటు చేతులు కడుక్కుని అతను ఫోను తీసేసరికి గడువు తీరుతుంది, లేకపోతే స్లాట్లు తీరుతాయి. వలసను ఆపుతామని ఎన్ని ప్రభుత్వాలు చెప్పాయో. ఓటీపీ కూడా వలస పోతుందని మాత్రం ఎవరూ ఊహించలేదు.

ఉపాధి హామీ పనులకూ ఫోనే మేస్త్రీ. 2006 ఫిబ్రవరిలో ఆ పథకం దేశంలో 200 జిల్లాల్లో మొదలైనప్పుడు మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ అందులో ఉన్నాయి. అప్పుడు పార, గంప ఉంటే చాలు. 2023 జనవరి 1 నుంచి యాప్‌లో రోజుకు రెండు ఫొటోల హాజరు తప్పనిసరి చేశారు. తవ్విన మట్టికి కొలత ఎలా ఉన్నా, సిగ్నల్ లేనిచోట తవ్వితే తవ్వనట్టే. అమ్రాబాద్ గుట్టల్లో తండావాళ్లను అడగండి, సిగ్నల్ ఏ రాయి మీద కూర్చుంటుందో చెబుతారు. ఇంతచేసి కొన్నిచోట్ల ఫొటోకు ఫొటో తీసి పంపుతున్నారని 2025 జులైలో కేంద్ర మంత్రిత్వశాఖే రాష్ట్రాలకు రాసింది. మరి ఆ కెమెరాలో ఎన్ని మెగాపిక్సెల్లుంటే అబద్ధం స్పష్టంగా వస్తుందో!

మళ్లీ షాపులోకి వద్దాం. ధర పద్నాలుగు వేలన్నాడు. అందులో 18 శాతం జీఎస్టీ. పెద్దాయన ఆలోచించి, పత్తి పైసలు పడ్డాక కొంటానన్నాడు. కుర్రవాడు, ఫోను కొంటేనే కదా పత్తి పైసలు పడేది అన్నాడు. ఇద్దరూ చెప్పింది నిజమే కాబట్టి కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఇలాంటి మౌనాల్లోనే పక్క కుర్చీలో ఫైనాన్స్ కంపెనీ మనిషి లేస్తాడు. వడ్డీ సున్నా, ఫీజు మాత్రం ఉంటుంది. ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం, వేలిముద్ర. ఏళ్ల తరబడి పత్తి ఏరిన వేలు కనుక ముద్ర నాలుగోసారికి గానీ పడదు. కిస్తీ తప్పితే ఫోను దానంతటదే తాళం వేసుకునే ఏర్పాటు కూడా కొన్ని అప్పుల్లో పెట్టారు. వెనకటి షావుకారు ఇంటికొచ్చి అరుగు మీద కూర్చునేవాడు, మంచినీళ్లన్నా అడిగేవాడు. ఈయన జేబులోనే కూర్చుంటాడు.

యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి ఒక నియమం పెట్టారు. ఫోను అమ్మడం ఆపేశాక కూడా ముఖ్యమైన విడిభాగాలను ఏడేళ్లపాటు దొరికేలా చూడాలట. మన దగ్గర విడిభాగాల గొడవ లేదు. ఇంట్లో మనుషులే విడిభాగాలు. కొత్త ఫోను ఇంటర్ చదివే మనవడికి పోతుంది, మనవడిది కోడలికి, కోడలి పగిలిన గ్లాసు ఫోను పెద్దాయనకు. యాప్ అందులోనూ పడుతుందని అప్పుడు తెలుస్తుంది.

ఇక మిగిలింది బటన్ల ఫోను. ఎక్స్‌చేంజి కింద దానికెంత అంటే కుర్రవాడు నవ్వి ఊరుకున్నాడు. విలువ లేదని కొట్టిపారేయకండి. 2024లో రామగుండం సైబర్ క్రైమ్ పోలీసులు బీహార్ ముఠాను పట్టుకుంటే గోనెసంచుల్లో వేల పాత ఫోన్లు బయటపడ్డాయి. వీధుల్లో తిరిగి కొన్నవే, సైబర్ మోసగాళ్ల కోసం. అధికారికంగా చచ్చిపోయిన ఫోనుకు అక్కడ పెద్ద ఉద్యోగమే ఉంది. కాబట్టి “పాత ఫోన్లకు ప్లాస్టిక్ డబ్బాలిస్తాం” అని మైకులో అరుస్తూ బండి వచ్చినప్పుడు, ఇవ్వొద్దని మనవడు గట్టిగానే చెప్పాడు.

పెద్దాయన అప్పటికే బండి దగ్గర ఉన్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో ‘నీకేం కావాలె’ అని ఆయన్ను అడిగినవాడు ఆ డబ్బాలాయన ఒక్కడే. నీలమా, ఎర్రదా అన్నాడట. పెద్దాయన రెండింటినీ తిప్పి చూసి, మూతలు బిగించి చూసి, గింజలు పోస్తే ఎన్ని పడతాయో అడిగి, నీలం డబ్బా తెచ్చుకున్నాడు.