లింకులు నొక్కకండి, వివరాలకు ఇక్కడ నొక్కండి

ఖాతాదారులను జాగృతపరిచే మెయిళ్లు ఈమధ్య బాగా వస్తున్నాయి. సారాంశం ఒక్కటే: అపరిచిత లింకులు నొక్కరాదు. అడుగున నీలిరంగులో ఇంకో ముక్క: పూర్తి వివరాలకు ఇక్కడ నొక్కండి.

దాని పక్కనే మరో మెయిలు. కేవైసీ గడువు ముగిసిందట, సాయంత్రంలోగా లింకు నొక్కకపోతే ఖాతా నిలిపివేయబడునట. ఇది దొంగదా, దొరదా? రెండింటిదీ ఒకటే భాష, ఒకటే తొందర, ఒకటే బెదిరింపు. బెదిరిస్తే నొక్కాలని మనకు ఏళ్లతరబడి నేర్పింది అసలు ఆఫీసులే. వాళ్లు దున్ని, విత్తి, నీరు పెట్టిన చేలో దొంగలు కోత కోసుకుపోతున్నారు.

ఒకప్పటి దొంగలు కనీసం ప్రేమగా పలకరించేవారు. 2000 మే 4న మనీలా నుంచి 'ఐ లవ్ యూ' అంటూ ఒక మెయిలు బయల్దేరింది. జతచేసిన ప్రేమలేఖ పేరు చివర టీఎక్స్‌టీ అని కనబడేది. దాని వెనకున్న వీబీఎస్ అనే అసలు తోకను విండోస్ దాచిపెట్టేది. నొక్కితే ఫైళ్లు పాడుచేసి, అడ్రస్ బుక్కులో ఉన్నవాళ్లందరికీ మన పేరుతోనే ప్రేమ పంచేది. మేనేజరు నుంచి ప్రేమలేఖ వస్తే అనుమానించాలి కదా? అబ్బే, ఆత్రంగా తెరిచారు. బ్రిటన్ పార్లమెంటు కూడా మెయిలు కట్టేసుకుంది. ఆ వైరస్ రాసిన ఒనెల్ డి గుజ్మాన్‌పై కేసు నిలవలేదు. అప్పటికి ఫిలిప్పీన్స్‌లో ఆ నేరానికి చట్టమే లేదు మరి. పాతికేళ్లు దాటినా విండోస్ తనంతట తాను ఆ తోక చూపించదు. అందుకే 'ఇన్‌వాయిస్.పీడీఎఫ్.ఈఎక్స్ఈ' ఇప్పటికీ మన కళ్లకు అమాయకపు పీడీఎఫ్‌లాగే కనిపిస్తుంది.

2017 మేలో వచ్చిన వన్నాక్రై అనే దొంగ ప్రోగ్రాముకి మనం నొక్కాల్సిన పని కూడా లేకపోయింది. అప్‌డేట్ చెయ్యని కంప్యూటరు దొరికితే చాలు, నెట్‌వర్క్ వెంట తనే నడిచొచ్చి ఫైళ్లకు తాళం వేసింది. మైక్రోసాఫ్ట్ మందు ఇచ్చింది మార్చిలోనే. 'తర్వాత గుర్తుచెయ్యి' అనే మీట మనం కనిపెట్టిన మహామంత్రం కదా! ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లకే తాళం పడింది, ఇక ఫిర్యాదు ఎవరికిచ్చేటట్టు? తిరుమల దేవస్థానం కంప్యూటర్లనూ అది వదల్లేదు. తాళం తియ్యాలంటే 300 డాలర్లు కట్టాలి, మూడు రోజులు దాటితే రెట్టింపు. ఈ హెచ్చరికను 28 భాషల్లో రాశారు. అందులో తెలుగు లేదు. దోచుకోవడానికైనా మన భాషను ఎవరూ పట్టించుకోలేదు.

అనుమానపు ఫైలు వస్తే మన ఆఫీసుల్లో జరిగే శాస్త్రోక్త విధానం చూడండి. ముందు నొక్కుతారు. తెరుచుకోకపోతే మళ్లీ నొక్కుతారు. అప్పటికీ కాకపోతే, "నీకేమైనా ఓపెనవుతుందేమో చూడు గురూ" అని పక్క సీటుకు ఫార్వర్డ్ చేస్తారు. తెర నల్లబడ్డాక "సర్వర్ డౌనండీ" అని ప్రకటించి టీకి వెళతారు.

నిజానికి అప్పుడు చెయ్యాల్సింది వైఫై ఆపడం, కేబుల్ పీకడం, సిస్టమ్స్ వాళ్లకు దాచకుండా చెప్పడం, పాస్‌వర్డులు వేరే ఫోన్లోంచి మార్చడం. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యడం. నొక్కకముందైతే పని ఇంకా తేలిక: పంపినవారి పేరు మీద వేలు పెట్టి అసలు అడ్రసు చూసి, పాస్‌బుక్ మీదున్న నంబరుకు ఫోన్ చెయ్యడమే. అటువైపు ఎవరైనా ఎత్తితే మన అదృష్టం. దొంగైతే మొదటి రింగుకే ఎత్తుతాడు, "గారు" కూడా తగిలిస్తాడు.

కాబట్టి ఖాతాదారులను జాగృతపరిచే పని కొన్నాళ్లు ఆపి, పెద్ద సంస్థలే ఒక మాట ఇవ్వాలి: మెయిల్లో లింకు పెట్టం, గడువు పేరుతో బెదిరించం, ఫోన్ మోగితే ఎత్తుతాం. అంతటితో దొంగలకు చూసి రాసుకోవడానికి ఏమీ మిగలదు. పాపం, సొంతంగా రాసుకోవాల్సి వస్తుంది.